బావి దగ్గర తిరిగిన బండి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మిషన్ దొరసాని చెప్పిందని కాదు, అంతకు ముందు నుంచీ లేదు. ధాత నామ సంవత్సరం కరువులో మా ఉదయగిరిలో ఎంతమంది పోయారో కళ్లారా చూసినదాన్ని. పోయినవాళ్లు తిరిగొచ్చే మాటే ఉంటే ముందు గంజి కోసం వచ్చేవాళ్లు. ఒక్కరూ రాలేదు.

అయినా ఈ సంగతి చెప్పక తప్పడం లేదు. ఆత్మకూరు సంతలో దీన్ని వేడుకగా చెప్పుకుంటున్నారు. ఉదయగిరి మోతుబరి ఒకాయన ఎడ్లు లేని బండి చేశాడట, అది నిప్పులు కక్కుతూ గాల్లో లేచి వింజమూరులో దిగిందట. కలువాయి వాళ్లయితే ఆయన్ను మహా తెలివిగలవాణ్ణి చేసేశారు. ఆ బండి మీద కూర్చున్నది మా అన్న.

అన్న ఆ మోతుబరి దగ్గర పాలేరు. ఆయన ఎడ్ల జతను దూడలప్పటి నుంచి మేపినవాడు. కరువులో చొప్ప ధర పెరగగానే మోతుబరి వామి మొత్తం అమ్ముకున్నాడు. ఎడ్లు కొట్టంలోనే డొక్కలెండి చచ్చాయి. ఆ మనిషికి చీమ కుట్టినట్టయినా లేదు. ఎడ్లతో పని లేకుండా బండి నడిపి దొరల మెప్పు పొందుతానని బయలుదేరాడు.

కాడి తీసేసి బండి ముందు భాగం కింద చిన్న చక్రం ఒకటి బిగించాడు. అది పక్కకు తిరగదు. వెనక లావు వెదురు బొంగులు కట్టి వాటి నిండా తారాజువ్వల మందు కూరించాడు. బొంగులు పగలకుండా పచ్చి తోలు చుట్టించాడు. ఎవరి తోలనుకున్నారు? ఆ ఎడ్లదే. ఈగలు ముసురుతున్నాయి, కంపుకు దగ్గర నిలబడలేకపోయాం. చుట్టే పని కూడా మా అన్నకే చెప్పాడు. ఛీ!

కొండ కింద వాలులో బండి వదలాలన్నాడు. వాలు చివర గట్టు లేని మోట బావి ఉంది. దాని ముందే దారి ఎడమకు తిరిగి ఎండిన వాగులోకి దిగుతుంది. ఎక్కేది తాను కాదు, అన్న.

"ఎక్కబాక అన్నా, బావిలో పడి చస్తావు," అన్నాను.

"ఎక్కకపోతే జొన్నలు ఇయ్యనన్నాడు. పిల్లోళ్లకి ఏం పెట్టేది?" అన్నాడు.

మిట్టమధ్యాహ్నం. మోతుబరి పొడుగాటి కర్రతో దూరం నుంచి వత్తి అంటించాడు. బొంగు ఒకటి పగిలింది. కాలిన తోలు వాసనతో పొగ కమ్మేసింది. నాకు వాంతి అయింది. బండి కదిలిన చప్పుడు విన్నాను గానీ బండి కనిపించలేదు. అన్నా అని అరుస్తూ బావి దగ్గరికి పరిగెత్తి తొంగి చూశాను. లోపల ఏమీ లేదు.

బండి వాగు ఇసుకలో నిలబడి ఉంది. ఎక్కడా విరగలేదు. అన్న దాని మీద కూర్చునే ఉన్నాడు.

అప్పుడు దారి చూశాను. ఆ ఉదయమే రాళ్లు ఏరి, కంపతో వాలంతా ఊడ్చింది నేనే. చక్రాల జాడ బావి ముందు నింపాదిగా ఎడమకు తిరిగింది. ఆ జాడ మధ్యలో రెండు ఎడ్ల గిట్టల గుర్తులున్నాయి. ముందు బిగించిన చిన్న చక్రం జాడ మాత్రం కొంతదూరం వచ్చి ఆగిపోయింది. అక్కణ్ణించి బండి ముందు భాగాన్ని ఎవరో మోసినట్టే ఉంది. అప్పటికి మా ఊళ్లో బతికున్న ఎద్దు ఒక్కటీ లేదు.

"ఎందుకు దూకలేదన్నా?" అని ఏడ్చాను.

"పగ్గాలు చేతిలో ఉండాయి గదా, ఎట్టా దూకేది?" అన్నాడు.

ఆ బండికి పగ్గాలే లేవు. అన్న అరచేతులు మాత్రం ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి.

మోతుబరి రొప్పుతూ వచ్చాడు. అన్న వైపు చూడనైనా చూడలేదు.

"నడిచింది రా! రేపు మళ్లీ ఎక్కు."

"రేపు రావయ్యా."

"ఏందిరా రానిది?"

"ఎడ్లు. అలిసిపోయినాయి."

ఆయన కిందికి చూశాడు. చూసి, ఆ గుర్తులను చెప్పుకాలితో చెరిపేశాడు.

మళ్లీ బండి ఊసెత్తలేదు. జొన్నలు కూడా ఆపలేదు. ఆ గిట్టల గుర్తులు ఎట్లా వచ్చాయో నాకు ఈనాటికీ అంతుబట్టలేదు. చచ్చాక కూడా వాటి చేత చాకిరీ చేయించుకున్నాడు ఆ మనిషి. పేరు మాత్రం తనే కొట్టేశాడు.