పట్టా మీది కానుగాకు

కార్తీకం చివరి మంగళవారం, పొద్దున ఆరూ పది. తుంపర పడుతూ ఉంది. కుప్పం ఇవతలి దిగుడులో ఒక గూడ్సు రైలు ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగలేక, ఇంజనూ ఇంకో పెట్టె పొడవూ దాటి వచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా ఎర్ర సిగ్నల్ దాటిన డ్రైవరు ఉద్యోగం పోయినట్టే. ఆ లైను మీద పనిచేసే అందరికీ అది తెలుసు.

నేనప్పుడు గ్యాంగులో ఉన్నాను. మా ఆయన పోయాక ఆయన పని నాకిచ్చారు. కంకర సర్దడం, పొదలు కొట్టడం, మా హద్దులో పట్టాల మీద ఏది పడినా తీసెయ్యడం మా పని. నాకు చదువు యాభై దాటాక వచ్చింది. ఇప్పుడు మదనపల్లెలో కూర్చుని ఇది రాస్తున్నాను గానీ, ఆ రోజు నా పేరు కూడా రాయలేను.

మా వైపు నాటుకు ముందు కానుగ కొమ్మలు నరికి, ఆ ఆకును ఎరువుగా మడిలో వేసి తొక్కుతారు. పుంగనూరులో పుట్టినదాన్ని, దాని విలువ నాకూ తెలుసు. నా ఆడబిడ్డ మడి లైనుకు ఆనుకునే ఉంది. గట్టు మీద చోటు చాలలేదని, నరికిన కొమ్మలను నాలుగు రోజులు కంకర పక్కన కుప్ప వేసుకుంటానంది. కూడదన్నాను. ఆమె నవ్వింది.

"రాయి పెడితే తిట్టు, మొద్దు పెడితే తిట్టు. ఆకు ఇనుముని ఏం జేస్తాది వదినా?"

నాకూ నిజమే అనిపించింది. సరే అన్నాను. తప్పు అక్కడే జరిగింది.

రెండు రోజుల్లో ఆకు వాడి రాలింది. పోయే ప్రతి రైలు గాలికీ కాస్త కాస్త ఎగిరి పట్టాల మీద పడింది. తుంపరకు తడిసిన ఆకును చక్రాలు నలిపి నలిపి ఇనుముకు పూసేశాయి. ఆ నల్లటి జిగట మీద వేలు పెడితే సబ్బులా జారింది. డ్రైవరు బ్రేకు వేశాడు. చక్రాలు తిరగడం ఆగాయి గానీ రైలు జారుతూనే వచ్చింది. ఇంజనులోంచి ఇసుక వదిలాడు. ఆ ఇసుకతో చక్రాలకు పట్టు దొరికేసరికి సిగ్నల్ వెనకబడింది.

మా మేస్త్రికి సంగతి నాకంటే ముందే అర్థమైంది. ఆఫీసర్లు వచ్చేలోపు తుడిచెయ్యమని నా చేతికి గోనెపట్ట ఇచ్చాడు. గ్యాంగులో ఒకరికి మాటొస్తే అందరికీ వచ్చినట్టే, అందుకే ఒకరిది ఒకరు కప్పుకుంటాం. ఆడబిడ్డ అప్పటికే మడిలోంచి వచ్చి కుప్పను అవతలికి లాగుతూ ఉంది. నేను వంగి రెండు బారల పట్టా తుడిచాను.

డ్రైవరు ఇంజను దిగి వచ్చాడు. మా వైపు మనిషే, నా తమ్ముడి ఈడు. అరవలేదు. నాకెదురుగా గొంతుకూర్చున్నాడు.

"తుడవద్దమ్మా. నేను నిద్రపోలేదు, ఫోను సూడలేదు అని చెప్పేదానికి నాకుండేది ఈ నలుపు ఒగటే."

మేస్త్రి మాత్రం కానీమన్నాడు. "ఆయప్పకు యూనియనుండాది. నీకెవురుండారు?"

అదీ నిజమే. కానీ డ్రైవరు నా ఎదురుగా అలాగే కూర్చుని పట్టానే చూస్తున్నాడు. అతని కళ్లెదుట తుడవడం నా వల్ల కాలేదు, గోనెపట్ట కింద పెట్టాను. దాన్ని ధైర్యమని ఎవరూ అనుకోవద్దు.

ఆఫీసర్లు వచ్చాక అంతా చెప్పాను. కుప్ప వేసుకోనిచ్చింది నేనే, రెండు బారలు తుడిచిందీ నేనే అన్నాను. మిగిలిన నలుపును వాళ్లు గీకి కాగితంలో పొట్లం కట్టుకున్నారు. కుప్ప ఎవరిదని అడిగితే, అదీ చెప్పాను.

నన్ను కొన్నాళ్లు పనిలోంచి ఆపారు. ఆడబిడ్డను పోలీసు స్టేషను చుట్టూ తిప్పారు. ఆమె నాతో మాట మానేసింది, నేనూ పోయి బతిమాలుకోలేదు. డ్రైవరు మళ్లీ ఇంజనెక్కాడు గానీ, దానికి చాలా నెలలు పట్టింది. ఆ రెండు బారల్లో ఏముండిందని విచారణలో అతణ్ణి మళ్లీ మళ్లీ అడిగారట. అతని దగ్గర చూపించడానికి ఏమీ లేదు. అది నేను తుడిచేశాను. అతను ఇంట్లో కూర్చున్న ఆ నెలలకు జవాబుదారీ నాదే.

ఆ పొద్దు అక్కడ ఎవరెవరున్నారో రాసి పెడుతున్నాను, తర్వాత ఇంకెవరి మీదికీ మాట పోకుండా. ఇంజను డ్రైవరు, అతని పక్కన కూర్చునే అసిస్టెంటు డ్రైవరు, చివరి పెట్టెలో గార్డు, మా మేస్త్రి, నా ఆడబిడ్డ, నేను.