ఉడకని పప్పు

“పొద్దున ఆ బావి నీళ్ళు నోట్లో పోసుకుని ఉప్పు కషాయమని ఉమ్మేసినావే. దొర ముందర నీ నాలికకు ఏమైంది?” అంది మా అమ్మ.

“అందరూ తియ్యగున్నాయన్నారు. నా వంతు వచ్చేసరికి నాకూ తియ్యగానే తగిలినాయి. ఏం జెయ్యమంటావు?” అన్నాడు మా నాయన.

నా చిన్నప్పుడు, మద్రాసు సర్కారు రోజుల్లో, ఒక సాయంత్రం మా పొయ్యి దగ్గర జరిగిన పోట్లాట ఇది. పుల్లలచెరువు వైపు, అడవి అంచున మా పల్లె. మాకు బావి లేదు. ఊరివాళ్ళ బావిని మేము తాకకూడదు. కుండ పెట్టుకుని గట్టు కింద నిలబడితే, ఎవరికైనా దయ కలిగి తోడి పోసేదాకా ఎండలో కాచుకోవాలి. చివరికి సర్కారు మా పల్లెకంటూ ఒక బావి శాంక్షను చేసింది. తవ్వించింది ఊరి మునసబు. మావాళ్ళు చూపించిన చోటు తన పొలానికి అడ్డమని, పక్కనున్న చవుడు నేలలో తవ్వించాడు. ఉప్పునీళ్ళు పడ్డాయి.

ఆ మధ్యాహ్నమే బావి చూడటానికి మార్కాపురం నుంచి దొర వచ్చాడు. తెల్లవాడు కాదు, మనవాడే. టోపీ పెట్టినవాడెవడైనా మాకు దొరే. నీళ్ళు బాగాలేకపోతే ఇంకోచోట తవ్విస్తామని తన నోటితోనే అన్నాడు. మగవాళ్ళను వరసగా నిలబెట్టి, తాగి చెప్పమన్నాడు. దొర గానీ మునసబు గానీ ఆ నీళ్ళు ముట్టలేదు. మా బావి నీళ్ళు వాళ్ళెట్లా తాగుతారు? మునసబు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, అంతే. ఎవరినీ బెదిరించలేదు, కళ్ళెర్ర చెయ్యలేదు. వరసలో మొదటివాడు మా పల్లె పెద్ద. దోసిట్లో నీళ్ళు తాగి, మునసబు మొహం చూసి, తియ్యగా ఉన్నాయన్నాడు. రెండోవాడు ఆ పెద్దాయన మొహం చూసి అదే అన్నాడు. అట్లా ఆ మాట మా నాయన దాకా వచ్చింది.

అమ్మ ఆ నీళ్ళతోనే కందిపప్పు పొయ్యి మీద పెట్టింది. మోపు కట్టెలు కాలిపోయాయి. కట్టెలు ఊరికే రావు, అడవిలో గార్డు కంట పడకుండా ఏరుకు రావాలి. అన్ని కట్టెలు కాలినా ఆ ఉప్పునీళ్ళకు పప్పు గింజ గింజగానే ఉంది. అమ్మ ఆ గిన్నె తెచ్చి నాయన ముందర పెట్టింది. ఆయన పటపటా నమిలి, ఉడికిందిలే అన్నాడు. ఆ చప్పుడు నాకు వినబడుతూనే ఉంది.

“మీ మొగోళ్ళు ఎట్లన్నా చెప్పుకోండి. రేపు ఈ పప్పు తీసకపోయి దొరకే చూపిస్తా,” అంది అమ్మ.

“పో. పోయి చెప్పు,” అన్నాడు నాయన, తలెత్తకుండానే.

ఆయన పిరికివాడని, మా అమ్మ పులి అని ఆ రాత్రికి నేను గట్టిగా నమ్మాను. నా చదువు రెండో తరగతితోనే ఆగిపోయింది. అయ్యవారు చెప్పినవి చాలావరకు మరిచిపోయాను. ఈ బావి సంగతి మాత్రం పోలేదు. నలుగురు కూర్చుని ఒకే మాట అంటుంటే, ఇప్పటికీ నేను వాళ్ళను కాదు, నన్ను నేను అనుమానిస్తాను. మనవళ్ళు ధైర్యం వచ్చే కథ చెప్పమంటారు. నా దగ్గర అట్లాంటిది లేదు. ఉన్నది ఇదే.

రాత్రి ఊళ్ళోనే బస చేసిన దొర మర్నాడు పొద్దున మునసబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ గిన్నె కొంగు కింద పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి వీధిలో దూరంగా నిలబడింది. మా పల్లె ఆడవాళ్ళు కొందరు వెనకే వచ్చారు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పప్పు ఉడకలేదు. నీళ్ళెట్లా ఉన్నాయమ్మా అని దొర మెత్తగానే అడిగాడు.

“చెప్పవే, భయమేంది?” అన్నాడు మునసబు నవ్వుతూ.

అమ్మ వెనక్కి తిరిగి చూసింది. అందరూ నేల చూస్తున్నారు. గిన్నె కనబడకుండా కొంగు ఇంకొంచెం ముందుకు లాక్కుంది.

“తియ్యగున్నాయి దొరా.”

దొర బండెక్కి వెళ్ళిపోయాడు. అమ్మ ఇంటికి వచ్చి, పారబోయడానికి మనసొప్పక ఆ పప్పునే మళ్ళీ పొయ్యి మీద పెట్టింది. నీళ్ళు చాలకపోతే నా చేతికి కుండ ఇచ్చి ఆ బావికే పంపింది.