చిల్లకంప తీసిన రోజు

ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరుగా పనిచేశాను. రోజుకు కొన్ని వందల మందితో మాట్లాడిన నోరు నాది. రిటైరయ్యాక వాకాడు దగ్గర ఈ రెండెకరాల్లోకి వచ్చి పడ్డాను. ఒక్కోరోజు పొద్దుగూకేదాకా నా నోట్లోంచి ఒక్క మాట కూడా వచ్చేది కాదు. గొంతు ఉందో పోయిందో చూసుకోవడానికి నాకు నేనే "రైట్, రైట్" అనుకునేవాణ్ణి.

ఆ నేల నా భార్యది. పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చారు. ఒకప్పుడు వేరుశనగ పండేదట. తర్వాత అందరిలాగే రొయ్యల గుంటలకు కౌలుకిచ్చాం. తెగులు తగిలి రొయ్యలు చచ్చాక కౌలుదారు అన్నీ అలాగే వదిలేసి వెళ్లిపోయాడు. మాకు మిగిలింది ఉప్పు పొంగి తెల్లబడిన నేల. దాన్ని మళ్లీ పంటకు తెస్తానని పంతం పట్టింది నేను. ఆమె నమ్మలేదు. మనవరాలిని చూసుకోవడానికి నెల్లూరులో కూతురి దగ్గరికి వెళుతూ ఒక గడువు పెట్టింది. ఈ ఏడు కూడా ఏమీ కాకపోతే నేల మళ్లీ గుంటలకే ఇచ్చేయాలి. తేరుకుంటే తనే ఇక్కడికి వచ్చేస్తుంది. ఆ రెండో మాట పట్టుకునే నేను పని చేశాను.

గట్లు సరిచేసి వాననీళ్లు నిలబెట్టేవాణ్ణి, ఉప్పు కరిగాక కాలవలోకి వదిలేసేవాణ్ణి. పేడ, ఆవు పంచితం, బెల్లం, పెసరపిండి డ్రమ్ములో కలిపి జీవామృతం చేసి పోసేవాణ్ణి. ఆ వాసనకు టీ కొట్టు దగ్గర నా బెంచీ మీద ఎవరూ కూచునేవారు కాదు. ఆపైన జీలుగ చల్లాను. ఉప్పుకు ఓర్చుకునే మొక్క అది. పూతకొచ్చినప్పుడు కలియదున్నేస్తే మట్టికి బలం. మొదటిసారి మాడిపోయింది. రెండోసారి నడుమెత్తు లేచింది. నిండు బస్సులో స్టాండింగు లెక్కపెట్టినట్టు రోజూ మొక్కలు లెక్కపెట్టేవాణ్ణి. దున్నేముందు ఒకసారి కళ్లారా చూడమని, ఆదివారం రమ్మని భార్యకు ఫోన్ చేశాను. సరేనంది.

ఆ దారిన మేకలు తోలుకుపోయే ఒకావిడ ఉండేది, నా ఈడుదే. చేలోకి వచ్చే దారికి అడ్డంగా చిల్లకంప, ముళ్లకొమ్మల మోపు, వేసి ఉండేది. ఆమె దానికి అవతలే నిలబడి రెండు మాటలు చెప్పి పోయేది. ఎటు చూసినా గుంటలే, మేకకు గడ్డిపోచ దొరకడం లేదని బాధపడేది. ఆ రెండు మాటల కోసం పొద్దున్నించీ కాచుక్కూచునేవాణ్ణి, చెప్పుకోవడానికి సిగ్గేముంది. లోపలికి రమ్మంటే "కంప ఉంది గదన్నా" అని నవ్వేది.

శుక్రవారం నేనే కంప లాగి పక్కన పారేశాను. ఆమె మేకల్ని కాలవగట్టున వదిలి వచ్చి కూచుంది. నేను కాచిన టీ తాగింది. కోడలి మీద చెప్పాల్సినవన్నీ చెప్పింది. లేచేటప్పుడు కంప మళ్లీ వెయ్యాలా అని అడిగింది. అక్కర్లేదన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది. అది నా మీద అభిమానమే అనుకున్నాను.

మరునాడు మందుల కోసం పక్కనున్న కోట ఊరికి వెళ్లి మధ్యాహ్నానికి తిరిగొచ్చాను. చేలో ఒక్క ఆకు లేదు. పుల్లలు నిలబడి ఉన్నాయి, నేలంతా మేక పెంటికలు. తన మందే కాదు, తోటివాళ్ల మందలను కూడా పిలుచుకొచ్చింది. నేను అరిచిన అరుపులకు గట్టు మీదున్న ఆమె బిత్తరపోయింది.

"మీరే గదన్నా కంప తీసింది. మళ్లా ఎయ్యొద్దన్నారు. మేపుకోమని గాకపోతే ఇంకెందుకు తీస్తారు?"

చేనికి కంప తీసేశారంటే మేతకు వదిలేసినట్టేనని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బస్సుల్లో తిరిగిన నాకే తెలియదు. ఆ రోజు నుంచి ఆమె ఆ దారిన రావడం మానేసింది.

ఆదివారం నా భార్య వచ్చింది. చేనంతా తిరిగింది. వంగి చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుంది, ఉమ్మేసింది. కంప ఎందుకు తీశారని అడిగింది. ఎవరైనా వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారని తీశానన్నాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

ఆమెకు కోపం రాలేదు. వస్తే బాగుండేది.

"దినమంతా బస్సులో మాట్లాడి, ఇంటికొచ్చి నోరు నొప్పి అనేవాళ్లు. ముప్పై ఏళ్లు నేనెవురితో మాట్లాడినాననుకున్నారు?"

చేతికంటిన మట్టి దులుపుకుంటూ, ఉప్పు తగ్గింది, మట్టి విరుగుతోంది, మళ్లీ జీలుగ చల్లండి అని చెప్పింది. సాయంత్రం బస్సు ఎక్కింది. అది కదిలేదాకా కిటికీ కింద నిలబడ్డాను. నేలకైతే ఇంకో ఏడు గడువిచ్చింది. నాకూ ఇచ్చిందా అని అడుగుదామనుకున్నాను, నోట్లోంచి "రైట్, రైట్" అనే వచ్చింది.