బావగారి చెరువా, బావమరిది చెరువా?

ఆ రోజుల్లో ఫోటో అంటే అందులో మనిషి ఉండి తీరాలి. మనిషి లేకపోతే కనీసం గుడి గోపురమో, కొత్తగా కొన్న ట్రాక్టరో ఉండాలి. అలాంటి కాలంలో తాడేపల్లిగూడెంలో మా బాబాయి స్టూడియోలో పెళ్ళి ఫోటోలు తీసుకుంటున్న నేను, మనిషీ చెట్టూ ఆకాశమూ ఏవీ లేని ప్రకృతి దృశ్యాలు తీసే మహా కళాకారుణ్ణి అయిపోవాలని తీర్మానించుకున్నాను. చెట్టూ ఆకాశమూ లేకపోతే ఇంకేముంటుందని మీరు అడగొచ్చు. మా బాబాయీ అదే అడిగాడు. "రంగు ఉంటుంది బాబాయ్, గీత ఉంటుంది, అనుభూతి ఉంటుంది!" అన్నాను. "అయితే ఆ అనుభూతిని పెళ్ళికూతురి పక్కన నిలబెట్టి తియ్యరా, ఆల్బంలో పెడదాం" అన్నాడు.

ముహూర్తాలు లేని రోజు వచ్చిందంటే చాలు, మొదటి బస్సు పట్టుకుని కొల్లేటి లంకల వైపు పారిపోయేవాణ్ణి. చేపల చెరువు గట్టు మీద బోర్లా పడుకుని, ముక్కు నీళ్ళకి ఆనించి మరీ ఫోటోలు తీసేవాణ్ణి. కాపలావాళ్ళు నేను తాగి పడిపోయాననుకుని రెండుసార్లు మొహాన నీళ్ళు కొట్టారు. (నిజానికి ఒక్కసారే కొట్టారు. రెండోది నేను కలిపాను.)

ఇంతలో ఏలూరులో ఒక కాలేజీ హాల్లో మా కుర్ర ఫోటోగ్రాఫర్లందరం కలిసి రెండ్రోజుల ప్రదర్శన పెట్టాం. బాబాయి షరతు పెట్టాడు. "బయటివాళ్ళు ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నీ ఫోటో కావాలని అడిగితే నీ దారి నీది. అడగలేదనుకో, ఆ పిచ్చి కట్టిపెట్టి జన్మంతా పెళ్ళి స్టేజీ మీదే ఉంటావు. సరేనా?" సరేనన్నాను. నా ఫోటోకి 'నిశ్శబ్దం' అని పేరు పెట్టాను. నిండా ఆకుపచ్చ, అడ్డంగా ఒక సన్నటి వెండి వెలుగు, అంతే! మొదటిరోజు ఒకావిడ దాని ముందు ఆగింది. నా గుండె ఆగింది. "అయ్యో, దీనికి ఇంకా ఫోటో అంటించలేదాండీ?" అని జాలిపడి వెళ్ళిపోయింది.

రెండోరోజు మధ్యాహ్నానికల్లా బాబాయి ఫ్లాష్‌ల సంచీతో సహా దిగాడు. "పదరా, ఎల్లుండి భీమవరంలో పెళ్ళి" అంటుండగానే పిల్లవాణ్ణి కాలేజీలో చేర్పించడానికి వచ్చిన ఇద్దరు చేపల రైతులు, ఫ్యాన్ గాలి కోసం మా హాల్లోకి దూరారు. ఒకాయనకి మీసాలు, ఒకాయనకి కళ్ళజోడు. మీసాలాయన నా ఫోటో ముందు ఠక్కున ఆగిపోయాడు.

"బావగారూ, ఇలా రండి! మా చెరువు ఫోటో పెట్టారండీ ఇక్కడ!"

కళ్ళజోడాయన వచ్చి, వంగి, పరీక్షగా చూశాడు. "మీ చెరువెక్కడండీ? ఇది మా చెరువు. మీ నీళ్ళకి ఈ రంగు ఎప్పుడొచ్చిందండీ?"

మా వైపు చేపల రైతుకి నీళ్ళ రంగే పరువు. ఎరువు వేసి, పేడ వేసి, నీళ్ళకి మంచి పచ్చదనం పట్టిస్తేగానీ చేపకి మేత పుట్టదు. ఆ రంగుని పొద్దున్నే గట్టు మీద నిలబడి, కూతురి జడ చూసుకున్నట్టు మురిపెంగా చూసుకుంటారు. పైగా వీళ్ళిద్దరి చెరువులూ పక్కపక్కనే, మధ్యలో ఒకే గట్టు!

"మీ చెరువు మొన్నటిదాకా టీ రంగులో ఉంది కదండీ. చేపలు బిస్కెట్లు అడగలేదా?" అన్నాడు మీసాలాయన.

"మీ చెరువులో నాచు చూసి మా చెల్లెలు గోంగూరనుకుని కోయబోయింది, మర్చిపోయారాండీ?" అన్నాడు కళ్ళజోడాయన. (మా జిల్లాలో జుట్టూ జుట్టూ పట్టుకునేటప్పుడు కూడా 'అండీ' మాత్రం వదలరు.)

జనం మూగారు. ఇద్దరూ నా వైపు తిరిగారు. "తీసిన మీరే చెప్పండి. ఎవరి చెరువండీ ఇది?" నిజంగా నాకు తెలియదు. గొంతు సవరించుకుని, "ఇది చెరువు కాదండీ, నిశ్శబ్దం" అన్నాను.

"అదేనండీ, ఆ నిశ్శబ్దం ఎవరి చెరువులోది?" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఫ్రేముకి చెరో పక్కా పట్టుకున్నారు. "ఇది నాకు కావాలి!" "కాదు, నాకు కావాలి!" నేను గాల్లో తేలిపోయాను. ఒక్కరు అడిగితే చాలనుకుంటే ఇద్దరు! ఆ ఉత్సాహంలో నోరు జారి, "గొడవెందుకండీ, చెరొకటీ ప్రింటు వేసిస్తాను" అన్నాను. అంతే, ఇద్దరూ ఫ్రేము వదిలేశారు. "ఆయన గోడకీ ఉండేది నాకెందుకండీ?" అని ఒకరు, "నేనూ అదే అంటున్నాను" అని ఇంకొకరు, గుమ్మం వైపు నడిచారు. నా జీవితం చెప్పులేసుకుని వెళ్ళిపోతోంది!

అప్పుడు కదిలాడండీ మా బాబాయి. మగపెళ్ళివారికీ ఆడపెళ్ళివారికీ మధ్య నలిగి పండిపోయిన మనిషి. గొడవ కనబడితే సర్దకుండా ఉండలేడు. "అయ్యా, ఆగండాగండి! ఎల్లుండి పొద్దున్నే మావాడు మీ ఇద్దరి చెరువులకీ వచ్చి విడివిడిగా ఫోటోలు తీస్తాడు. ఎవరి నీళ్ళు ఎలాంటివో నలుగురూ చూస్తారు. సరేనా?" వాళ్ళు సరేనన్నారు. బాబాయి గర్వంగా నా వైపు తిరిగాడు. తిరిగాక గానీ తానేం మాటిచ్చాడో ఆయనకి అర్థం కాలేదు.

"మరి భీమవరం పెళ్ళో?" అన్నాను అమాయకంగా.

"నేను ఏడుస్తాలే, నువ్వెళ్ళి ఆ నీళ్ళు తగలెయ్యి!"

ఆ కబురు కొల్లేరంతా పాకింది. వాళ్ళ నీళ్ళు తీయించుకున్నారంటే మన నీళ్ళకేం తక్కువని, ఊరూరా పిలుపులే! ఒక పెళ్ళికొడుకైతే ముందు చెరువుని తీశాకే పీటల మీద కూర్చుంటానన్నాడు. (మీరు నమ్మకపోయినా ఫర్వాలేదు.) ఒకటే చిక్కు. ప్రతి రైతూ "కాస్త మా భుజమైనా పడాలండీ" అని ఫ్రేములోకి జరిగేవాడు. అలా నా తొలినాటి కళాఖండాలన్నిటిలో మూలన ఓ భుజమూ, దాని మీద తెల్ల తువ్వాలూ ఉంటాయి. తర్వాతెప్పుడో హైదరాబాదులో ఒక పెద్దాయన వాటిని చూసి, మూలనున్న ఆ తెల్లమచ్చ మనిషి ఒంటరితనానికి సంకేతమని అరగంట మాట్లాడాడు. నేను వినయంగా తలాడించాను.

మొన్నామధ్య ఒక గట్టు మీద అద్భుతమైన వెలుగు. చుట్టుపక్కల నరమానవుడు లేడు. ఉత్త రంగు, ఉత్త గీత. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్న ఫోటో! తీసి, ఇంటికొచ్చి చూస్తే ఏదో వెలితి. మర్నాడు మళ్ళీ అక్కడికే వెళ్ళి, కెమెరాకి టైమరు పెట్టి, రొప్పుకుంటూ పరుగెత్తి, మూలన నా భుజమే పెట్టి తీసుకున్నాను. ఫోటో కుదిరింది. భుజం మాత్రం, ఇంకా కుర్రవాడిదే అనుకుని పెట్టానో ఏమో, వయసుకి కాస్త వంగి పడింది.