మూత వేసిన లాప్‌టాప్‌లో బావ గొంతు

దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని ఆటపట్టించడంలో మా ఇంట్లో నా తర్వాతే ఎవరైనా. మధురవాడలో సర్వర్లు చూసుకునే ఉద్యోగం నాది. మెషిన్ తిక్కగా చేసిందంటే ఎక్కడో సెట్టింగు తప్పిందనే అనుకుంటాను.

సుగుణక్క భర్త, మా బావ, ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో క్రేన్ గొలుసు తెగి మీద పడి చనిపోయాడు. చర్చిలో పాడేవాడు. ఆ పాటలన్నీ తన లైనక్స్ లాప్‌టాప్‌లోనే రికార్డు చేసుకున్నాడు. అక్కకి ఇక మిగిలింది ఆ గొంతొక్కటే.

డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టుకున్నాడు, అది ఎవరికీ తెలియదు. చనిపోయిన రోజు పొద్దున మూత వేసి పనికి వెళ్ళాడు కాబట్టి లాప్‌టాప్ సస్పెండ్‌లో, అంటే నిద్రలో ఉంది. అలాగే లేపగలిగితే పాస్‌వర్డ్ అడగదు. ఒక్కసారి ఆగిపోయిందా, ఇక అంతే సంగతులు.

భూస్థాపన అయిన మర్నాడు అక్క ఇంటికి వెళ్ళాను. గేటుకి కట్టిన ఫ్లెక్సీ మీద ‘ప్రభువునందు నిద్రించిరి’ అని ఉంది. లోపల లాప్‌టాప్ ఛార్జర్‌కే ఉంది. లైటు మెల్లగా వెలిగి ఆరుతోంది.

“సచ్చిపోనాదేటిరా ఇది?” అంది అక్క.

“లేదక్కా, నిద్రపోతంది. లేపొచ్చు.”

“మీ బావకీ అదే కదరా రాసినారు.”

లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

మూత తెరిచాను. ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. ఆ మోడల్‌కి పాత రోగమే అది, మెషిన్ లేచినా డిస్‌ప్లే లేవదు. మీటలన్నీ నొక్కాను, టీవీకి తగిలించి చూశాను. లాభం లేదు. పొరపాటున పవర్ బటన్ గట్టిగా నొక్కేస్తానేమోనని దాని దగ్గరికి వేలు పోనివ్వలేదు. చివరికి మూత వేసి, మళ్ళీ పడుకోబెట్టి, మళ్ళీ తెరిచాను. తెర వెలిగింది. అమ్మయ్య అనుకున్నాను.

రికార్డర్ తెరిచే ఉంది. బావ దాన్ని ఆపడం మరిచిపోయాడు. ముందు పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఆ ఆఖరి రికార్డింగ్ పెట్టాను. బావ పాట, దగ్గు, మూత పడిన చప్పుడు. అక్కడితో అయిపోవాలి. నిద్రలో ఉన్న మెషిన్‌లో మైకు పనిచెయ్యదు.

అయిపోలేదు. కబురొచ్చినప్పుడు అక్క పెట్టిన కేక వినిపించింది. తర్వాత పాస్టర్‌గారి ప్రార్థన, ఏడుపులు. ఆ పైన చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు మైకుకి నోరు ఆనించినట్టు, బావ గొంతు.

“సుగుణా, తలుపు తియ్యి. నాను బయటే ఉండిపోనాను.”

అక్క పరుగున వెళ్ళి తలుపు తీసింది. మిట్టమధ్యాహ్నం. వీధిలో చేపలమ్మే ఆవిడ తప్ప ఎవరూ లేరు.

మెషిన్ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు పడుకుందో రాసుకునే సిస్టమ్ లాగ్‌లన్నీ తిరగేశాను. నేను మూత తెరిచేదాకా మెషిన్ నిద్రలోనే ఉంది. మరి అదంతా ఎలా రికార్డయిందో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

అక్క తలుపుకి గడియ పెట్టడం మానేసింది. ఒంటరిగా ఉంటున్నావు, పెట్టుకోవే అని పోరాను.

“పెట్టుకుంతాన్లేరా,” అంది. “ముందు మీ బావని లోపలికి రానీ.”