మా పడవ, మా వాయిదాలు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు పేరిట మీ అందరికీ వందనాలు. పోయిన ఆదివారం మన పాస్టరు అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పమన్నప్పుడు, నా దగ్గర రోగం నయమైన కథ లేదండీ, పోయినవాడు తిరిగొచ్చిన కథా లేదు, ఉన్నదల్లా ఒక కోర్టు కథే అన్నాను. అదే చెప్పమ్మా అన్నారు. నా పేరు నాగమ్మ, మాది దివిసీమలో సముద్రం పక్క ఊరు, మా ఆయన వెంకన్న వేటకెళ్ళేవాడు, నేను ఎండుచేపల గంప ఎత్తుకుని అవనిగడ్డ, గుడివాడ తిరిగి అమ్ముకునేదాన్ని.

మా పెద్దపిల్ల ఇంకా చంకలో ఉన్న రోజుల్లో, ఒక ఉదయం సముద్రం మీద ఉన్నట్టుండి గాలి లేచింది. మా పడవా, పక్కూరివాళ్ళ పడవా ఢీకొన్నాయి. వాళ్ళ పడవలోంచి ఒక మనిషి నీళ్ళలో పడి మళ్ళీ పైకి రాలేదు. వలలు వేసే చోటు గురించి మా రెండు ఊళ్ళకీ అంతకుముందే తగాదా ఉంది కాబట్టి, గాలి సంగతి ఎవరూ వినలేదు, కావాలనే గుద్ది చంపారని కేసు పెట్టారు. మా ఆయన్నీ, పడవలో ఆయనతో ఉన్న మా మరిది సింహాద్రినీ హంతకులన్నారు. మా పడవను కూడా సాక్ష్యమని తీసుకెళ్ళి ఠాణా ఆవరణలో ఎండలో పడేశారు.

బెయిలు మీద బయటికొచ్చాక మొదలయ్యాయండీ వాయిదాలు. మొదటి బస్సెక్కి చల్లపల్లి మీదుగా బందరు కోర్టుకి వెళ్ళేవాళ్ళం. ఒకసారి సాక్షి రాడు, ఒకసారి ప్లీడరుగారికి జ్వరం, ఒకసారి జడ్జిగారు బదిలీ అయ్యారంటారు. బంట్రోతు గుమ్మంలో నిలబడి మూడుసార్లు పేరు పిలుస్తాడు, పలక్కపోతే వారంటే. ఆ భయంతో మా ఆయన టీ తాగడానికి కూడా వరండా దిగేవాడు కాదు. మొదటి పిలుపు పూర్తికాకముందే "ఉన్నానండీ" అని చేతులు కట్టుకుని వెళ్ళి నిలబడేవాడు. ఇంకో తేదీ చెప్పేవారు, ఇంటికొచ్చేవాళ్ళం. తప్పు ఫలానావారిదని నేను చెప్పలేను. చంకలో పిల్ల బడికెళ్ళింది, ఓణీలు వేసుకుంది, మేము మాత్రం ఆ వరండాలోనే ఉన్నాం.

సహోదరులారా, ఆ మధ్యలో మా ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి. చెక్కపడవ నీళ్ళు తగలక ఎండితే బద్దలు విచ్చుకుంటాయి. అందుకని వాయిదాకి వెళ్ళినప్పుడల్లా ఠాణా దగ్గర ఆగి, అక్కడి కానిస్టేబులుగారిని బతిమాలుకుని, బిందెతో పడవ మీద నీళ్ళు పోసి వచ్చేవాడు. ఒకరోజు ముందు చెక్క పగిలిన చోట వేలు పెట్టి చూశాడు, మనసు ఊరుకోలేదు, ఇంకో వాయిదాకి దూది, తారు తీసుకెళ్ళి ఆ పగులు శుభ్రంగా పూడ్చేశాడు. ఆ పగులే సాక్ష్యమని, రెండు పడవలు ఎలా తగిలాయో చెప్పేది అదేనని ఆయనకేం తెలుసు! సాక్ష్యం చెరిపేశాడని అవతలి ప్లీడరు లేచారు. బెయిలు రద్దయింది, మళ్ళీ జైలు, పడవను మళ్ళీ పరీక్ష చేయించాలని కేసు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ములాఖత్‌కి వెళ్ళి "ఎందుకు చేశావు మావా?" అని ఏడిస్తే, "పడవకి దెబ్బ తగిలితే చూస్తా ఊరుకుంటామా నాగమ్మా?" అన్నాడు. కొన్నాళ్ళకి మళ్ళీ బెయిలు దొరికి, జైలు నుంచి దగ్గు పట్టుకుని వచ్చాడు, ఆ దగ్గు పోలేదు.

నాకు బతుకు మీద విరక్తి పుట్టింది. ఆ వరండాలోనే, చివర స్తంభం దగ్గర, చనిపోయినాయన భార్య కూర్చునేది. ఆమె వైపు చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూ ఉండేది. మా మీద శాపాలు పెడుతోందనుకున్నాను. ఒకరోజు మా ఆయన దగ్గుతూ గోడకి జారబడిపోతే, ఆమే లేచి వచ్చి తన సీసాలో నీళ్ళు ఆయనకు పట్టించింది. "రోజూ మీ గురించి కూడా ప్రార్థన చేస్తున్నానమ్మా," అంది. ఆమె అప్పటికే ప్రభువును నమ్ముకుని మరియమ్మ అని పేరు పెట్టుకుంది. "మీ ఆయన్ని ఉరి తియ్యాలని కాదమ్మా నేనొచ్చేది. ఆ రోజు నీళ్ళ మీద ఏం జరిగిందో ఒక్కసారి ఎవరైనా తేల్చి చెబితే చాలు, నేను నిద్రపోతాను," అంది. దేవునికి మహిమ, నా మనసులో ఏళ్ళ తరబడి గడ్డకట్టినది ఆ మాటకి కరిగింది. ఆమెకి కావలసిందీ, నాకు కావలసిందీ ఒకటే అని ఆ రోజు తెలిసింది.

మరియమ్మే మమ్మల్ని గుడివాడలో ఈ మందిరానికి తీసుకొచ్చింది. అయ్యగారు అంతా విని, కేసు అన్నేళ్ళు తేల్చకుండా ఉంచడం కూడా అన్యాయమేనని, దానికి మానవ హక్కుల కమిషన్‌కి అర్జీ పెట్టుకోవచ్చని చెప్పారు. "ఎవరి మీదమ్మా ఫిర్యాదు?" అని అడిగారు. మరియమ్మ అంది, "ఎవరి మీదా కాదండీ అయ్యగారూ, ఆలస్యం మీద." ఆ అర్జీ కింద ఇద్దరం పక్కపక్కన వేలిముద్రలు వేశాం, చనిపోయిన మనిషి భార్యా, చంపాడన్న మనిషి భార్యా. ఆ సాయంత్రం మా ఆయన మొదటిసారి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ప్రార్థన ఆయనకి రాదు. "యేసయ్యా, ఇన్నేళ్ళూ నా పేరు ముద్దాయని పిలిచారయ్యా. చచ్చేలోపు ఒక్కసారి నా పేరు మంచిగా పిలిపించు," అన్నాడు. అంతే.

కమిషన్ నుంచి జవాబొచ్చింది. తీర్పు తమ చేతిలో లేదని, విచారణ త్వరగా జరగడం మాత్రం మీ హక్కని, పై కోర్టుకి రాశామని అయ్యగారు చదివి చెప్పారు. తర్వాత వాయిదాలు దగ్గరదగ్గరగా పడ్డాయి, సాక్షులు వచ్చారు, మాకు ఆశ పుట్టింది. కానీ సహోదరులారా, మా ఆయన ఊపిరితిత్తులు అంతవరకు ఓర్చుకోలేదు. తీర్పు ఇంకా పది రోజులుందనగా, నా చెయ్యి పట్టుకుని, వాయిదా ఎప్పుడని అడుగుతూనే వెళ్ళిపోయాడు.

తీర్పు రోజున మరిదితో నేనూ వెళ్ళాను. ఆయన చావు కాగితం ప్లీడరుగారు ముందే కోర్టుకిచ్చినా, బంట్రోతు గుమ్మంలోకొచ్చి అలవాటుగా "వెంకన్నా" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు, మూడోసారి పిలిచాడు. మరియమ్మే లేచి, "ఆయన పోయాడయ్యా," అని చెప్పింది. జడ్జిగారు చదివారు. గాలికి పడవలు అదుపు తప్పాయని, కావాలని గుద్దినట్టు రుజువు లేదని, సింహాద్రి నిర్దోషి అని. మరియమ్మ నా భుజం మీద తల పెట్టి ఏడ్చింది, ఆమెకి తెలియాల్సింది తెలిసింది. మరి మా ఆయన సంగతేమిటండీ అని ప్లీడరుగారిని అడిగాను. చనిపోయినవారి మీద కేసు మూసేస్తారమ్మా, వారికి తీర్పు ఉండదు అన్నారు. నిర్దోషి అన్న మాట పక్కన మా ఆయన పేరు ఏ కాగితం మీదా లేదు, ఈ రోజుకీ లేదు.

పడవను తిరిగి ఇచ్చారు. బద్దలన్నీ విచ్చుకుపోయాయి. ఆయన దూది కూరి తారు పూసిన చోటు ఒక్కటే గట్టిగా ఉంది. దాని మీద చెయ్యి వేసుకుని చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

దేవుడు నాకేం చేశాడని మీరు అడగొచ్చు. ఆ వరండాలో ఒకరినొకరం కాల్చుకు తినాల్సిన ఇద్దరు ఆడవాళ్ళని ఒకే చాప మీద కూర్చోబెట్టి ప్రార్థన చేయించాడు, నన్ను పగ నుంచి విడిపించాడు, ఆయనకే మహిమ. నా దుఃఖం మాత్రం తీసెయ్యలేదు, అబద్ధం చెప్పను. మీలో కోర్టుల చుట్టూ తిరుగుతున్నవాళ్ళుంటే, మీ హక్కు మీరు అడగండి, అర్జీ పెట్టండి, ఆ అర్జీ దేవుని ముందూ పెట్టండి. మా ఆయన అడిగిన ప్రార్థన కూడా వృథా పోలేదని నేను నమ్ముతున్నాను. కడబూర మోగి చనిపోయినవాళ్ళు లేచే రోజున ప్రభువే గుమ్మంలో నిలబడి వెంకన్నా అని పిలుస్తాడు. రెండోసారి పిలవనక్కర్లేదండీ, మా ఆయన ఎప్పుడూ మొదటి పిలుపుకే పలికేవాడు.