నా వరస దాటిపోయే పళ్లెం

మా సంఘంలో నెలకోసారి, యేసు చివరి భోజనాన్ని తలుచుకుంటూ, ప్రభువు బల్ల జరుగుతుంది. రొట్టె ముక్కల పళ్లెం వరస వెంట చేతులు మారుతూ నా దగ్గరికి వస్తుంది. నేనేమీ తీసుకోకుండా పక్కాయనకు అందిస్తాను. ఇది మొదలై రెండేళ్లు దాటింది. ఎందుకు తీసుకోవడం లేదని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. పాస్టర్ గారు అడగలేదు, పెద్దలు అడగలేదు. ప్రతి నెలా నా చేతిలోంచి ఆ పళ్లెం అందుకునే పక్కాయన కూడా మొహం తిప్పి చూడలేదు. నేను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగితే మాత్రం పై ఆదివారానికల్లా కొత్తది వేశారు. కుర్చీ సంగతి కనిపించినవాళ్లకు మనిషి సంగతి కనిపించలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మా మందిరం దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ వెనక సందులో ఉంది. కింద టిఫిన్ సెంటర్, దాని మీద బ్యాంకు పరీక్షల కోచింగ్, ఆ పైన మేము. ఉపవాస ప్రార్థన రోజు కూడా దోసెల వాసన మెట్లెక్కి వస్తుంది. రైలు పోయినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి, ప్రసంగం ఆగదు. నాది చివరి వరస, స్తంభం పక్క కుర్చీ. అక్కడినుంచి పాస్టర్ గారు సగమే కనిపిస్తారు. ఆయనకు నేను అసలు కనిపించనేమో అని కొన్నాళ్లు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నేను పుట్టుకతో క్రైస్తవుణ్ని కాదు. మాది పోచంపల్లి మగ్గాల ఇల్లు. మా చిన్నప్పుడే నాన్న మగ్గం అమ్మేసి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం పెట్టాడు. ఆయనకు ఇద్దరం కొడుకులం, పెద్దవాణ్ని నేను. దుకాణం తమ్ముడు చూసుకున్నాడు. నేను ఎల్‌బీ నగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో ఉద్యోగం చేశాను. పెళ్లయిన కొత్తలో నాకు కామెర్లు ముదిరి దవాఖానలో పడ్డాను. మా పై వాటాలో కిరాయికి ఉన్న దంపతులు రోజూ గంజి కాచి తెచ్చేవారు. మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసి, ఏమీ అడగకుండా వెళ్లిపోయేవారు. బంధువులు కూడా ఏదో ఒక పని పెట్టుకుని వచ్చే ఊళ్లో, ఊరికే వచ్చిన మనుషుల్ని మొదటిసారి చూశాను. నేనూ నా భార్యా అలా నమ్ముకున్నాం. అప్పుడు మాకెవరూ ఒక్క షరతూ పెట్టలేదు. షరతులు బాప్తిస్మం తర్వాత వచ్చాయి. నా మొలతాడు తెంపేశారు, ఆమె బొట్టు తీసేసింది. ప్రసాదం ముట్టకూడదన్నారు, ముట్టలేదు. అన్నీ విన్నాను. వినడం నాకు కష్టమనిపించలేదు, ఎందుకంటే ఆ గంజి రుచి ఇంకా నోట్లోనే ఉంది.

నా భార్య పోయినప్పుడు సమాధుల తోటకు నాన్న వచ్చాడు. మా పాటలు ఆయనకు రావు. చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. ప్రార్థన అయ్యాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

“నేనేం జెయ్యాలె బిడ్డా?”

“గుప్పెడు మట్టి వెయ్యాలె బాపూ.”

నాన్న చెప్పులు విప్పి పక్కన పెట్టి, వంగి మట్టి తీసుకుని వేశాడు. చుట్టూ ఉన్న మా సంఘం వాళ్లెవరూ చెప్పులు విప్పలేదు. అది నేను చూశాను.

కొన్నేళ్లకు నాన్న పోయాడు. చంపాపేట్‌లో తమ్ముడి ఇంట్లో, తెల్లవారుజామున. వార్త వినగానే బయల్దేరాను. ఆ ఇంటి మెట్ల మీద నిలబడి పాస్టర్ గారికి ఫోన్ చేశాను. పెద్దకొడుకుని, తల గొరిగించుకోవాలి, నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి, తలకొరివి పెట్టాలి, నేనేం చెయ్యాలని అడిగాను. పాస్టర్ గారిది గుంటూరు వైపు, మాట మెత్తగా ఉంటుంది.

“బ్రదర్, ఇలాంటప్పుడేనండి విశ్వాసం తెలిసేది. గుండు వద్దు, కొరివి వద్దు. దూరంగా నిలబడి ప్రార్థన చేసుకోండి. మీరు లోబడండి, మిగతాది దేవుడు చూసుకుంటాడు.”

లోబడ్డాను. లోపల మా మేనత్త అందరి ముందూ నన్ను పట్టుకుంది.

“పెద్దకొడుకు గుండు రాయి లెక్క నిలబడంగ చిన్నోడు కుండ పట్టుకునుడా? తండ్రిని సుత మరిపిచ్చిండు, గదేం దేవుడురా నీ దేవుడు?”

తమ్ముడు తడిబట్టలతో కుండ పట్టుకుని ముందు నడిచాడు. నేను అందరికంటే వెనక నడిచి శ్మశానం గేటు బయట ఆగిపోయాను. అక్కణ్నుంచి పొగ కనిపించింది, చితి కనిపించలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దామనుకున్నాను, ఒక్క మాటా రాలేదు. తిరిగి వెళ్లేటప్పుడు జనం నన్ను తప్పుకుని పోయారు, రోడ్డు మీద ఆగిన బండిని తప్పుకుని పోయినట్టు. మూడో రోజు నాన్న పేరున కాకికి ముద్ద పెట్టే పిట్టకు పెట్టుడు ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. తెలుసుకుని నేనే వెళ్లాను. భోజనాల దగ్గర నాకు విస్తరి వెయ్యలేదు.

ఆ ఆదివారం పాస్టర్ గారు నన్ను ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమన్నారు. జరిగింది చెప్పాను. అందరూ స్తోత్రం అంటూ చప్పట్లు కొట్టారు. నాన్న కాలుతుంటే గేటు బయట నిలబడ్డందుకు చప్పట్లు! ఆ చప్పుడు నాకు ఇంకా వినిపిస్తుంది. అప్పుడు మాత్రం, అబద్ధమెందుకు, కొంచెం ఓదార్పుగానే అనిపించింది. పోగొట్టుకున్నదానికి ఒక లెక్క ఉందనిపించింది.

తర్వాత కొంతకాలానికి మా సంఘ పెద్ద ఒకాయన తల్లి నల్లగొండ వైపు పల్లెలో చనిపోయింది. ఆయన రెండు ఆదివారాలు రాలేదు. మూడో వారం తలకు టోపీ పెట్టుకుని వచ్చాడు. ప్రార్థన మొదలయ్యాక టోపీ తీశాడు. నున్నటి గుండు. స్త్రీల వైపు గుసగుసలు లేచాయి. పాస్టర్ గారు దిగివచ్చి ఆయన్ని కౌగిలించుకున్నారు. ఇద్దరూ ఏడ్చారు.

“మన సోదరుడు కన్నతల్లికి చివరి పని చేసి వచ్చాడండి. ఎవరూ ఒక్క మాట అనొద్దు. మనం కృప మీద బతికేవాళ్లం, చట్టం మీద కాదు.”

ఆరోజు బల్ల ఆదివారం. పళ్లెం పట్టుకుని వరసల వెంట వచ్చింది ఆ పెద్దాయనే. ఆయన మీద నాకు కోపం లేదు. తల్లి రుణం తీర్చుకున్నాడు, ఏడ్చాడు, ఆ ఏడుపు నిజం. కానీ పళ్లెం నా ముందుకు వచ్చేసరికి నా చెయ్యి లేవలేదు. అదే గొంతు, అదే మనిషి, మెట్ల మీద నాకు చెప్పిన మాటలో ఈ కృప ఎక్కడుంది? మనసులో ఎవరి మీదైనా పగ ఉన్నవాడు రొట్టె తీసుకోకూడదని మా సంఘం నియమం. పాస్టర్ గారు బల్లకు ముందు ప్రతిసారీ ఆ మాట గుర్తు చేస్తారు. నాకు పాస్టర్ గారి మీద పగ ఉంది. అందుకే తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోవడం లేదు. చూడండి, ఇందులో కూడా నేను ఆయన మాటే వింటున్నాను.

మొన్న వానాకాలంలో ఒకరోజు దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో దిగేసరికి వాన దంచింది. పరుగెత్తి ఒక రేకుల కిందికి చేరాను. తలెత్తి చూస్తే అది మా దుకాణమే. తమ్ముడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. నాన్న పోయాక మేము సరిగా మాట్లాడుకున్నది లేదు.

“లోపలికి రా అన్నా. గిరాకికి అడ్డం నిలబడకు.”

వెళ్లి కూర్చున్నాను. చాయ్ తెప్పించాడు. చాలాసేపు వాన చూశాం.

“ఇంక గా చర్చికే పోతున్నవా?”

“పోత.”

“ఏం పెడ్తరు ఆడ?”

“రొట్టె ముక్క.”

“తింటవా?”

“తింటలేను.”

తమ్ముడు పకపకా నవ్వాడు. “ఇంట్ల పెడ్తే తినవ్, ఆడ పెడ్తే తినవ్. మరి ఏడ తింటవే నువ్వు?”

నాకు నవ్వు రాలేదు. వాడే కాసేపటికి నవ్వడం ఆపి, ఒక చీర మడత విప్పి మళ్లీ మడిచాడు.

“బాపు పోయేముంగట నాకు చెప్పిండు. పెద్దోన్ని బలవంతం చెయ్యకుండ్రి, వాడు వాని దేవునికి మాటిచ్చిండు, కుండ నువ్వే పట్టుకో అన్నడు. వాడు ఎంత దూరం నిలబడ్డా నాకు ముట్టుతది అన్నడు.”

చాయ్ గ్లాసు కింద పెట్టేశాను.

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలేదురా?”

“నువ్వు అడిగినవా? గేటు కాడ కండ్లు మూసుకొని నిలబడ్డవ్. తెరుస్తవేమో, నన్ను పిలుస్తవేమో అని ఎనకకు మర్రి మర్రి చూసిన. పిలువలేదు. నాకు సుత కోపం ఉండదా?”

వాన తగ్గకముందే లేచి వచ్చేశాను. తమ్ముడు దాచిన సంగతి కూడా నేను మరిచిపోను. కానీ ఎల్‌బీ నగర్‌లో ఇంటి దాకా తడుస్తూ నడిచినంతసేపూ నా కళ్ల ముందు ఒకటే ఉంది, నాన్న విప్పి పక్కన పెట్టిన చెప్పులు. ఆయన మా వాక్యం ఒక్కటీ చదవలేదు. చప్పట్లు కొట్టించలేదు. నేను తప్పుకుంటానని ముందే తెలిసి, ముందే నన్ను క్షమించి వదిలేశాడు. కృప అంటే ఏమిటో నేను రెండుసార్లు ఎరిగాను. ఒకటి దవాఖాన మంచం పక్కన. రెండోది ఇది, అందేసరికి ఇంత ఆలస్యమైంది. రెండుసార్లూ దానికోసం నేను చేసిందేమీ లేదు.

ఆ వారమే పాస్టర్ గారి గదికి వెళ్లాను. సూటిగా అడిగాను.

“అయ్యగారూ, ఆ రోజు నేను మా నాన్నకు కొరివి పెట్టి గుండుతో వచ్చి ఉంటే, నన్ను కూడా కౌగిలించుకునేవారా?”

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “అప్పటి పరిస్థితి వేరండి బ్రదర్.”

“ఆయనకు తల్లి, నాకు తండ్రి. వేరేముందండి?”

“ఆయన బలహీనుడండి. మీరు గట్టివారని...”

“గట్టివాడికి ఆజ్ఞ, బలహీనుడికి కృప. అంతేనా అయ్యగారూ?”

“మీరలా మాట్లాడకూడదు. మీలో చేదు పేరుకుంది. రండి, ప్రార్థన చేసుకుందాం.”

ఆయన కళ్లు మూసుకున్నారు. నేను ఈసారి మూసుకోలేదు. నాలోని చేదు పోవాలని ఆయన చాలాసేపు ప్రార్థించారు. మధ్యలో రైలు పోయింది, అద్దాలు వణికాయి, బల్ల మీద ఆయన ఫోన్ మోగి ఆగిపోయింది. ఆమెన్ అన్నాక, టీ తాగుతారా అని అడిగారు. అడిగినదానికి మాత్రం జవాబు చెప్పలేదు.

లోబడడం వృథా అని నేను అనడం లేదు. లోబడకుండా బతకడం నాకు చేతకాదు కూడా. నాకున్నది ఒక్క తండ్రి. ఆయన చివరి పని నేను దేవునికి ఇచ్చేశాననుకుని ఇన్నాళ్లు బతికాను. దేవుడు అది అడిగి ఉంటే, ఇచ్చినందుకు నాకు బాధ లేదు. ఆయన అడగనిది నా దగ్గర మీరు తీసుకుని ఉంటే, అయ్యగారూ, అది నాకు తెలియాలి. నా వరసలో నాకు అటూ ఇటూ మనుషులుంటారు, అయినా ఆ పళ్లెం వచ్చిన ప్రతిసారీ నేను ఆ గేటు బయటే ఉంటాను.

వచ్చే బల్ల ఆదివారం కూడా వస్తాను, ఆ స్తంభం పక్కనే కూర్చుంటాను. అయ్యగారూ, ఈసారి పళ్లెం పెద్దల చేతికివ్వకండి. మీరే పట్టుకుని చివరి వరస దాకా రండి. ప్రార్థన వద్దు, టీ వద్దు. కళ్లు తెరిచి, నా మొహం చూసి చెప్పండి. ఆ రోజు నేను మా నాన్నకు నిప్పు పెట్టి ఉంటే, ఈ పళ్లెం నాకు చాపేవారా, చాపేవారు కాదా?